మా ఫార్మాట్ మాదే అని రాయించుకోవచ్చా? – నా జవాబు

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది. తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. రెండేళ్లుగా మీరు మీ నాయనమ్మను కూర్చోబెట్టి కొత్త సినిమా ట్రైలర్లు చూపిస్తున్నారు, సుషీ, పాస్తా లాంటివి తినిపిస్తున్నారు, ఆవిడ అనే మాటలు వీడియోలుగా పెడుతున్నారు. ఛానెల్ బాగా ఎక్కింది. ఇప్పుడు ఇంకో నాలుగు ఛానెళ్లు తమ బామ్మలతో అదే పని మొదలుపెట్టాయి. వాటిలో ఒకటి మీ థంబ్‌నెయిల్‌ని, అంటే వీడియో తెరవకముందు కనబడే బొమ్మని, రంగులతో సహా దింపింది. ఇంకొకటి ఏకంగా మీ వీడియోలోంచే నలభై సెకన్ల ముక్క ఎత్తి షార్ట్‌గా పెట్టుకుంది. మీ స్నేహితుడేమో "నాయనమ్మ రియాక్షన్ అనే మాటను పేటెంట్ చేయించు, తర్వాత అందరికీ స్ట్రైకులు కొట్టు" అన్నాడు. ఈ ఫార్మాట్, అంటే షో నడిపే తీరు, మాదే అని రాయించుకుని అందరికీ కొట్టొచ్చా అని అడిగారు. స్ట్రైక్ అంటే కాపీరైట్ ఫిర్యాదు మీద యూట్యూబ్ ఆ ఛానెల్‌కి వేసే శిక్ష.

ఆ నలభై సెకన్ల ముక్క ఎత్తినవాడికి రేపే కొట్టండి. థంబ్‌నెయిల్ సంగతి కాస్త చూసి చెప్పాలి. మిగతా వాళ్ల జోలికి మాత్రం పోకండి. చట్టం ఒప్పుకోదు, అంతకన్నా ముందు మీ వీడియోలు చూసే జనం ఒప్పుకోరు. ఈ రెండో మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే పదేళ్ల వెనక్కి వెళ్లాలి.

నేను విజయవాడలో పదిహేడేళ్లుగా ట్రేడ్‌మార్క్, కాపీరైట్ కాగితాలు చూసే పనిలో ఉన్నాను. మొదట్లో పచ్చళ్ల వ్యాపారులు, కోచింగ్ సెంటర్లవాళ్లు, బట్టల షాపులవాళ్లు వచ్చేవారు. ఇప్పుడు వారానికి ఒక్క యూట్యూబరైనా వస్తాడు. వచ్చిన ప్రతివాడూ "పేటెంట్ తీసుకోవాలి సార్" అనే మొదలుపెడతాడు. పేటెంట్ కొత్తగా కనిపెట్టిన యంత్రానికో, మందుకో, పద్ధతికో ఇచ్చేది. మీ వీడియోలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం. మీకు పనికొచ్చేవి రెండు: సరుకో షోయో ఎవరిదో గుర్తుపట్టించే పేరుకీ గుర్తుకీ ట్రేడ్‌మార్క్, మీరు తీసిన వీడియోకి కాపీరైట్.

2016 జనవరి ఆఖరి వారం. అమెరికాలో బెన్నీ ఫైన్, రాఫీ ఫైన్ అని ఇద్దరు అన్నదమ్ములు. అందరూ ఫైన్ బ్రదర్స్ అనేవారు. 2010 అక్టోబరులో వాళ్లు పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ముందు లాప్‌టాప్ పెట్టి, వైరల్ వీడియోలు చూపించి, వాళ్ల ముఖాలు, మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. కిడ్స్ రియాక్ట్ అని పేరు. అది పెద్ద హిట్టు. తర్వాత టీనేజర్లతో ఒకటి, పెద్దవాళ్లతో ఒకటి, యూట్యూబర్లతో ఇంకొకటి. అమెరికాలో అవార్డులు కూడా వచ్చాయి. 2016 నాటికి వాళ్ల ప్రధాన ఛానెల్‌కి దాదాపు 1.4 కోట్ల మంది సబ్‌స్క్రైబర్లు. మీ నాయనమ్మ వీడియోలకి మూలపురుషులు ఎవరయ్యా అంటే, ఒక రకంగా వీళ్లే అనుకోవచ్చు.

ఆ జనవరి 26న అన్నదమ్ములిద్దరూ నవ్వు ముఖాలతో ఒక వీడియో పెట్టారు. రియాక్ట్ వరల్డ్ అని కొత్త పథకం. ప్రపంచంలో ఎవరైనా సరే, తమ షోల పేర్లు, గ్రాఫిక్స్, పద్ధతి తీసుకుని తమ భాషలో, తమ ఊళ్లో రియాక్ట్ షో చేసుకోవచ్చు, లైసెన్సు ఇస్తాం, వచ్చిన ఆదాయంలో మాకు కొంత వాటా అన్నారు. వాళ్ల ముఖాలు చూస్తే నిజంగానే అందరికీ ఏదో వరం ఇస్తున్నామని నమ్ముతున్నట్టే ఉంటుంది. అందుకే తర్వాత జరిగింది వాళ్లకి అంత గట్టిగా తగిలిందని నా అనుమానం.

మొదటి రోజు అటూ ఇటూగా నడిచింది. తర్వాత ఎవరో అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసు వెబ్‌సైట్ తెరిచారు. అక్కడ దరఖాస్తులన్నీ ఎవరైనా చూడొచ్చు. కిడ్స్ రియాక్ట్ లాంటి పూర్తి పేర్లే కాదు, 2015లో ఉత్త "రియాక్ట్" అనే ఒక్క మాట మీద కూడా వాళ్ల కంపెనీ దరఖాస్తు పెట్టి ఉంది. దేనికి అని చూస్తే, రకరకాల జనాన్ని గమనిస్తూ, ఇంటర్వ్యూ చేస్తూ ఇంటర్నెట్‌లో వరసగా వచ్చే కార్యక్రమాలకట. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. ఇంటర్నెట్‌లో ఉన్న వీడియోల్లో ఎన్ని దీనికింద పడవు?

ఇంకో విషయం కూడా బయటపడింది. ఆ దరఖాస్తు 2016 ఫిబ్రవరి 2న ప్రచురణకి రాబోతోంది. అమెరికాలో ప్రచురణ అయిన రోజు నుంచి 30 రోజుల్లోపు, దానివల్ల తమకి నష్టం అనుకునేవాళ్లు ఎవరైనా వ్యతిరేకత దాఖలు చేయొచ్చు. ఆ గడువు దాటితే మాట వాళ్ల చేతికి వెళ్లే దారి సుగమం అవుతుంది. అంటే జనం కోపానికి ఒక తేదీ దొరికింది. నా అనుభవంలో ఉత్త కోపం నాలుగు రోజుల్లో చల్లారుతుంది. తేదీ ఉన్న కోపం చల్లారదు, ఫలానా రోజులోపు ఏదో ఒకటి చేయాలన్న తొందర పుడుతుంది. ఉచితంగా వ్యతిరేకత వేసిపెడతామని లాయర్లే ముందుకొచ్చారు.

ఆ రాత్రుళ్లు నాకు బాగా గుర్తు. కొందరు వాళ్ల సబ్‌స్క్రైబర్ల సంఖ్యను లైవ్ స్ట్రీమ్ పెట్టారు. తెర మీద ఏమీ లేదు, ఒక్క అంకె. అది తగ్గుతూ ఉంటుంది. రిఫ్రెష్ అయినప్పుడల్లా ఇంకొన్ని వందలు పోతాయి. దాన్ని చూడటానికి వేలమంది కూర్చున్నారు. మా ఆవిడ వచ్చి "ఏంటండీ ఇది, క్రికెట్ స్కోరా?" అంది. స్కోరే, కాకపోతే కిందికి పోయే స్కోరు. కొన్ని రోజుల్లోనే లక్షల మంది వెళ్లిపోయారు.

వాళ్లు ఇంకో వీడియో పెట్టి సర్దిచెప్పబోయారు. రియాక్షన్ వీడియోలన్నీ మావి అనట్లేదు, మా షోకి ఉన్న ప్రత్యేకమైన రూపం మాత్రమే మాది అన్నారు. నిజానికి మొదటి నుంచీ వాళ్లు ఆ మాటే చెప్తున్నారు. కానీ ఆ రూపం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీసి చూపించలేకపోయారు. మనిషిని కూర్చోబెట్టడమా? వీడియో చూపించడమా? తర్వాత ప్రశ్నలు అడగడమా? వీటిలో ఏదీ వాళ్లు కనిపెట్టింది కాదు. ఆర్ట్ లింక్‌లెటర్ అనే ఆయన 1940ల నుంచే అమెరికా రేడియోలో, తర్వాత టీవీలో చిన్నపిల్లల్ని ప్రశ్నలడిగి నవ్వులు పూయించేవాడు. సర్దిచెప్పిన కొద్దీ జనానికి మంట పెరిగింది.

చివరికి ఫిబ్రవరి 1న, అంటే ఆ ప్రచురణకి సరిగ్గా ముందురోజు, చేతులెత్తేశారు. ట్రేడ్‌మార్క్‌లు, పెండింగ్ దరఖాస్తులు అన్నీ వెనక్కి తీసుకుంటున్నాం, రియాక్ట్ వరల్డ్ ఆపేస్తున్నాం, ఇంతకుముందు ఇతరుల వీడియోల మీద వేసిన కంటెంట్ ఐడీ క్లెయిములన్నీ వదిలేస్తున్నాం అని రాశారు. కంటెంట్ ఐడీ అంటే ఇతరుల వీడియోల్లో మన సరుకుందేమో యూట్యూబే వెతికిపెట్టే ఏర్పాటు; దొరికితే ఆ వీడియో మీద హక్కు అడగొచ్చు, అదే క్లెయిమ్. ప్రకటన నుంచి ఉపసంహరణ దాకా వారం కూడా పట్టలేదు.

నన్నడిగితే ఆ మూడో మాటే అసలు సంగతి. "ఇంతకుముందు వేసిన క్లెయిములు" అని వాళ్లే ఒప్పుకున్నారు కదా. లైసెన్సు అమ్ముతామంటే జనానికి అంత కోపం రాదు, ఇష్టం లేనివాడు కొనడు, అంతే. కానీ లైసెన్సు తీసుకోని చిన్న ఛానెల్‌వాడికి రేపు క్లెయిమ్ పడుతుందన్న భయం ఉత్తదే అని కొట్టిపారేయలేని పరిస్థితి. అంతకు రెండేళ్ల ముందు ఒక పెద్ద టీవీ షోలో పిల్లలకి పాత వస్తువులు చూపించే అంశం వస్తే అది మాదేనంటూ వీళ్లు గొడవ చేసిన సంగతి కూడా అప్పుడు మళ్లీ పైకొచ్చింది. దానికి తోడు ఇంకో మంట. వాళ్ల షో మొత్తం నిలబడ్డదే ఎవరెవరో తీసిన వీడియోలు చూపించడం మీద. ఊరందరి సొమ్ముతో ఇల్లు కట్టుకుని, వీధికి గేటు పెడతామంటే ఊరుకుంటారా?

అదే రోజుల్లో ఇంకో కథ కూడా నడిచింది. వీడియో గేమ్ ఆడుతూ మాట్లాడుతూ రికార్డు చేసే వీడియోల్ని ఎప్పటినుంచో అందరూ "లెట్స్ ప్లే" అంటారు. 2015 చివర్లో సోనీ కంపెనీ ఆ మాట కోసం దరఖాస్తు పెట్టింది. ట్రేడ్‌మార్క్ ఆఫీసు మొదటి దశలోనే ఆపేసింది, అప్పటికే దానికి దగ్గరగా ఉన్న వేరే మార్కు ఉందన్న కారణంతో. అంత పెద్ద కంపెనీకే అందలేదు. మీ స్నేహితుడికి ఇది చెప్పండి.

మీకు ఒక సందేహం వచ్చి ఉంటుంది. మరి టీవీవాళ్లు ఫార్మాట్లు కొంటారు, అమ్ముతారు కదా? 2014లో నాగార్జునతో వచ్చిన మీలో ఎవరు కోటీశ్వరుడు బ్రిటన్ షోకి తెలుగు రూపం. 2017లో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలైన బిగ్ బాస్ నెదర్లాండ్స్‌లో పుట్టిన షో. డబ్బు కట్టే తెచ్చుకున్నారు. ఫార్మాట్ ఎవరి సొత్తూ కాకపోతే డబ్బు దేనికి కట్టారు?

కట్టింది "నాలుగు ఆప్షన్లిచ్చి ప్రశ్న అడగడం" అనే ఆలోచనకి కాదు. షో పేరుకి, లోగోకి, ఆ టెన్షన్ పుట్టించే సంగీతానికి, సెట్ డిజైన్‌కి, ఏ ప్రశ్న దగ్గర లైటు ఎలా దిగాలో దగ్గర్నుంచి రాసి ఉండే లావుపాటి పుస్తకానికి. ఆ రంగంలో దాన్ని బైబిల్ అంటారు. ఇంకా, అంతకుముందు పది దేశాల్లో షో చేసి దెబ్బలు తిన్నవాళ్లు వచ్చి పక్కన నిలబడి నేర్పడానికి. ఇది చాలావరకు పనితనం కొనుక్కోవడం. ఉత్త ఆలోచన కోసం కోర్టుకి వెళ్తే ఏమవుతుందో ఒక పాత కేసు చెప్తుంది. హ్యూయీ గ్రీన్ అని బ్రిటన్‌లో పేరున్న టీవీ యాంకర్. కొత్త ప్రతిభావంతుల్ని పరిచయం చేసే పోటీ షో నడిపేవాడు. చప్పట్ల మోతని కొలిచే మీటరు ఒకటి అందులో ప్రత్యేకం. న్యూజీలాండ్ టీవీవాళ్లు అదే పేరు, అవే పడికట్టు మాటలు, ఆ చప్పట్ల మీటరుతో సహా దించేశారు. ఆయన కేసు వేశాడు. 1989లో, అప్పట్లో న్యూజీలాండ్ కేసులకి ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి ఓడిపోయాడు. ఎపిసోడు ఎపిసోడుకీ మారిపోయే షోలో మారకుండా ఉండే ఆ నాలుగు లక్షణాల్ని కలిపి ఒక నాటకంలా కాపాడలేమన్నారు. మీటరు కూడా దించినవాడి మీదే గెలవలేనప్పుడు, బామ్మకి పిజ్జా పెట్టినవాడి మీద మీరేం గెలుస్తారు?

మన దేశంలోనూ అంతే. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత, తన నాటకాన్నే సినిమాగా తీశారని వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆలోచనకి, ఇతివృత్తానికి, కథాంశానికి కాపీరైట్ లేదు. దాన్ని మీరు చెప్పిన తీరుకి, అమర్చిన పద్ధతికి ఉంది. ఆ కేసులోనూ రచయిత ఓడిపోయాడు. ఇప్పటికీ మా పనిలో రోజూ తిప్పే తీర్పు అది.

ఇప్పుడు మీ నాలుగు ఛానెళ్ల దగ్గరికి వద్దాం.

మీ క్లిప్ ఎత్తినవాడిది సూటిగా దొంగతనం. మీరు తీసిన దృశ్యం, మీరు రికార్డు చేసిన శబ్దం. కాపీరైట్ రిజిస్టర్ చేయించి ఉండనక్కర్లేదు, తీసిన క్షణం నుంచే అది మీది. యూట్యూబ్‌లో కాపీరైట్ తొలగింపు ఫారం నింపండి. అందులో ఏడు రోజుల గడువిచ్చే పద్ధతి ఒకటుంది, వాడు తనంతట తాను తీసేస్తే స్ట్రైక్ పడదు. మొదటిసారి అదే వాడమని నా సలహా. తీయకపోతే స్ట్రైక్ పడుతుంది. మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది, అంచేత ఎంత బరువైన పనో తెలుసుకుని చేయండి. వాడు ఎదురు నోటీసు ఇస్తే పది పనిదినాల్లో మీరు కోర్టుకి వెళ్లినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగొస్తుంది. ఫారంలో మీరు ఇచ్చే పేరు అవతలివాడికి కనబడుతుందని కూడా గుర్తుంచుకోండి. తప్పుడు ఫిర్యాదు చేస్తే మీ ఖాతాకే ఎసరు.

ఒకవేళ వాడు ఆ ముక్కని ఆపి ఆపి చూపిస్తూ విమర్శ చేసి ఉంటే? అప్పుడు సంగతి వేరు. అమెరికాలో హెచ్3హెచ్3 అనే ఛానెల్ నడిపే దంపతుల మీద అలాంటి కేసే నడిచింది. అయిదు నిమిషాల పైచిలుకు ఉన్న ఒకరి వీడియోలోంచి మూడు నిమిషాలకి పైగా వాడుకుని, మధ్యమధ్యలో ఆపి వెక్కిరిస్తూ దాదాపు పద్నాలుగు నిమిషాల వీడియో చేశారు. 2017 ఆగస్టులో న్యూయార్క్ కోర్టు అది న్యాయమైన వాడకమే (ఫెయిర్ యూజ్), అంటే అనుమతి లేకపోయినా తప్పు కాదు అంది. ఆ తీర్పులోనే ఇంకో మాట కూడా ఉంది. రియాక్షన్ వీడియోలన్నీ ఒక్కటి కాదని, వ్యాఖ్య లేకుండా ఊరికే అందరూ కలిసి కూర్చుని చూసినట్టుండేవీ ఉన్నాయని. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కింద విమర్శకీ సమీక్షకీ మినహాయింపు ఉంది, కానీ అమెరికా అంత విశాలమైనది కాదు.

థంబ్‌నెయిల్ వాడి సంగతి. మీ నాయనమ్మ ఫొటోనే కత్తిరించి పెట్టుకుంటే అదీ కాపీరైట్ కిందికే వస్తుంది, ఇదే ఫారం. అదే పసుపు, అదే ఎరుపు, అదే లావు అక్షరాలు, నోరు తెరిచిన బామ్మ, కానీ బామ్మ వేరే బామ్మ అయితే మీరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ రంగులు మీరూ ఎక్కడో చూసే పెట్టి ఉంటారు. వాడు ఛానెల్ పేరు కూడా మీ పేరుకి దగ్గరగా పెట్టి, జనం మీదే అనుకుని మోసపోతుంటే మాత్రం నా దగ్గరికో, మీ ఊళ్లో ఇంకొకరి దగ్గరికో స్క్రీన్‌షాట్లతో వెళ్లండి. మీదనుకుని పొరపడి కామెంటు పెట్టినవాళ్ల స్క్రీన్‌షాట్లు ముఖ్యం. లైకుల లెక్కలు నాకు పనికిరావు.

మిగిలిన రెండు ఛానెళ్లు తమ బామ్మకి తమ డబ్బుతో పాస్తా కొని పెట్టాయి. దాన్ని ఏ చట్టమూ ఆపదు.

బాధగానే ఉంటుందని తెలుసు. కానీ మన దగ్గరి ఉదాహరణే చూడండి. ఆంధ్రప్రదేశ్ నుంచి మస్తానమ్మ గారు, వందేళ్లు దాటిన పెద్దావిడ, పొలం గట్టున పొయ్యి పెట్టి పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచం అంతా చూసింది. ఆవిడ వీడియోలు 2016 నుంచి వచ్చాయి. మరుసటి ఏడాది తెలంగాణ నుంచి నారాయణ రెడ్డి తాత గ్రాండ్‌పా కిచెన్‌తో వచ్చారు. ఆయనా ముసలాయనే, ఆయనా ఆరుబయటే, పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకి పెట్టేవారు. ఆ తర్వాత తమిళనాడు నుంచి విలేజ్ కుకింగ్ ఛానెల్. పెద్దవాళ్లు, పొలం, కట్టెల పొయ్యి, పక్షుల చప్పుడు. ఫార్మాట్ అనే మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మస్తానమ్మ గారి వైపువాళ్లు "పొలంలో వంట మాది" అని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. అనలేదు. ఒకరిని చూసినవాళ్లు ఇంకొకర్నీ చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ, 2019 అక్టోబరులో ఆయన పోయినప్పుడు ఏడ్చినవాళ్లు చాలామంది ఒక్కరే అయ్యుంటారు.

అలాగని వాళ్ల దగ్గర సొంతం అనదగ్గది ఏదీ లేదని కాదు. నారాయణ రెడ్డి గారు వీడియో మొదట్లో చేతులు చాచి "లవింగ్, కేరింగ్, షేరింగ్, దిస్ ఈజ్ మై ఫ్యామిలీ" అనేవారు. ఆ మాటలు ఆ వరసలో వినగానే ఆయన తెల్లగడ్డం కళ్లముందుకొస్తుంది. ట్రేడ్‌మార్క్ అంటే అదీ. పొలం అందరిదీ, ఆ పలకరింపు మాత్రం ఆయనది.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన సంగతి కూడా చెప్తాను, పేరూ ఊరూ వద్దు. వంటల ఛానెల్. పొలం, వంట అనే రెండు మాటలు కలిపి రిజిస్టర్ చేయమన్నాడు. కుదరదని చెప్పాను. ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం వస్తువునో సేవనో ఉన్నదున్నట్టు వర్ణించే మాట ఒక్కరికే ఇవ్వరు, ఆ రంగంలో అందరూ వాడుకునే మాటా ఇవ్వరు. ఈయన వినలేదు, ఇంకో ఏజెంటు దగ్గర వేయించుకున్నాడు. దరఖాస్తు పెట్టిన మర్నాడే పేరు పక్కన టీఎం గుర్తు వేసుకుని, ముగ్గురు ఛానెళ్లవాళ్లకి లెటర్‌హెడ్ మీద నోటీసులు పంపాడు. ఆ ముగ్గురిలో ఒక కుర్రాడు నోటీసుని ఫొటో తీసి పెట్టేశాడు. రెండు వారాల తర్వాత ఈయన నా ఆఫీసుకొచ్చి, ఫోను నా చేతికిచ్చి, "చదవండి సార్" అన్నాడు. తాజా వీడియో రొయ్యల వేపుడు. కింద కామెంట్లలో రొయ్యల మాట ఒక్కటీ లేదు. "అన్నా, మా చేలో పొయ్యి వెలిగించుకోవాలి, పర్మిషన్ ఇస్తావా?" "అన్నా, మా నాన్న నలభై ఏళ్లుగా పొలంలోనే అన్నం తింటున్నాడు, రాయల్టీ ఎంత కట్టాలి?" ఇలాంటివే వందలు. చదువుతుంటే నాకు నవ్వాగలేదు, ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. కొన్ని నెలలకి ట్రేడ్‌మార్క్ ఆఫీసు దరఖాస్తుని పరిశీలించి పంపే ఎగ్జామినేషన్ రిపోర్టు కూడా వచ్చింది, సెక్షన్ 9 అభ్యంతరంతోనే. జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. ఆయన ఇవ్వలేదు. ఆ కుర్రాడి ఛానెల్ మాత్రం ఆ గొడవతోనే పెరిగింది.

ఇంకొకటి, ఇది మీకు నచ్చకపోవచ్చు. మీ వీడియోల్లో సగం ట్రైలర్ రియాక్షన్లు. ఆ ట్రైలర్లు ఎవరివి? నిర్మాతలవి, వాటిలోని పాటలు ఆడియో కంపెనీలవి. మీ ఒకట్రెండు వీడియోలు చూశాను, ట్రైలర్ దాదాపు మొత్తం ఆగకుండా నడుస్తోంది, నాయనమ్మ మాట చివర్లో వస్తోంది. న్యూయార్క్ కోర్టు చెప్పిన ఆ కలిసి కూర్చుని చూసే రకానికి ఇది బాగా దగ్గర. వాళ్లు పబ్లిసిటీ వస్తోందని ఊరుకుంటున్నారు, అంతే. మీరు నలుగురికి స్ట్రైకులు కొడితే ఆ నలుగురూ చేసే మొదటి పని మీ పాత వీడియోల్లో ఎవరి సొమ్ము ఎంత ఉందో లెక్కపెట్టి ఆ కంపెనీలకి ట్యాగ్ చేయడం. గురివింద గింజ సామెత మీ కామెంట్లలో కనబడాలని ఎందుకు కోరుకుంటారు? అక్కడక్కడా ఆపండి, నాయనమ్మని మాట్లాడనివ్వండి. వీడియో కూడా బాగుంటుంది.

మరి రిజిస్టర్ చేయించుకోదగ్గది మీ దగ్గర ఏముంది? "నాయనమ్మ రియాక్షన్" కాదు, అది వర్ణన. కానీ సుషీ వీడియోలో ఆవిడ ముక్క నోట్లో పెట్టుకుని, రెండుసార్లు నమిలి, కెమెరా వైపు కూడా చూడకుండా "దీనికి తాలింపు పెట్టలేదా?" అన్నారు. పాస్తాకీ అదే ప్రశ్న. కేకుకీ అదే. కింద కామెంట్లలో జనం మీ ఛానెల్ పేరు రాయట్లేదు, "తాలింపు పెట్టలేదా" అనే రాస్తున్నారు. మీ సొత్తు అది. దాన్ని షో పేరుగా మార్చుకోండి, ప్రతి వీడియోలో ఒకేలా వాడండి, చిన్న లోగో గీయించండి. 41వ క్లాసులో, అంటే వినోద సేవల కింద దరఖాస్తు వేయండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. మన రెండు రాష్ట్రాలకీ చెన్నైలోని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీయే. అభ్యంతరాలు దాటితే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురిస్తారు, అక్కడి నుంచి నాలుగు నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఎవరూ అడ్డుపడకపోతే సర్టిఫికెట్ వస్తుంది, పదేళ్లకోసారి రెన్యువల్. ఇంత ఇరుకైన పేరు మీద ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే అది తీసుకున్నందువల్ల ఇంకే బామ్మ నోరూ మూతపడదు.

ఆ జర్నల్ సంగతి చెప్పాను కాబట్టి ఒక చిన్న పని. అది ప్రతి సోమవారం ఆన్‌లైన్‌లో వస్తుంది, ఉచితమే. రేపు ఇంకెవరో తెలివైనవాడు "బామ్మ రియాక్షన్" అనే మాట తనకే కావాలని దరఖాస్తు పెడితే, అప్పుడు బాధపడేది మీరే. వ్యతిరేకత వేయడానికి ఆన్‌లైన్ ఫీజు 2,700 రూపాయలు. పోటీ అనుకుంటున్న ఆ ఛానెళ్లవాళ్లని అప్పుడు కలుపుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. వాళ్లకి ఇవాళ స్ట్రైక్ కొట్టి ఉంటే ఆ ఫోను చేయలేరు.

చివరగా, దరఖాస్తు ఎవరి పేరు మీద వేస్తారు? మీ పేరు మీద అని మీరు అనుకుంటున్నారని తెలుసు. కెమెరా మీది, ఛానెల్ మీది, నిజమే. కానీ ఆ మాట అన్నది ఆవిడ, ముఖం ఆవిడది. కళాకారుల హక్కులని మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 38 ఒకటుంది, కెమెరా ముందు నిలబడ్డవాళ్లకీ హక్కులుంటాయి. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే గొడవల్లో బయటి ఛానెళ్లతో వచ్చేవాటికన్నా ఇంట్లో అన్నదమ్ముల మధ్య వచ్చేవే ఎక్కువ. ఒకే తాత, ఇద్దరు మనవళ్లు, రెండు ఛానెళ్లు, ఎవరిది అసలు అని. మీ బాబాయి కొడుకు రేపు సెలవులకొచ్చి అదే నాయనమ్మతో అదే అరుగు మీద వీడియో తీసి పెడితే మీరేమంటారు? ఒక స్టాంపు పేపరు మీద, ఆవిడకి అర్థమయ్యే తెలుగులో, ఎవరు తీస్తారు, డబ్బు ఎలా పంచుకుంటారు, ఆవిడ వద్దంటే ఏ వీడియో తీసేయాలి అన్నది రాసి, చదివి వినిపించి, ఇష్టమైతేనే సంతకం పెట్టించుకోండి. ఆవిడ పేరు మీద బ్యాంకు ఖాతా లేకపోతే ముందు అది తెరిపించండి. ఆ తర్వాత రండి, దరఖాస్తు వేద్దాం.